వెనక గోడ ఎంత దూరం?

35 ఎంఎం కొనాలా, 50 ఎంఎం కొనాలా? మొదటి ప్రైమ్ లెన్స్ ప్రశ్నకు మూసాపేట డబుల్ బెడ్‌రూం చెప్పే జవాబు

మూసాపేటలో ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా, ఏదో ఒక ఇంటి బీరువా పైఅరలో కెమెరా బ్యాగు దొరుకుతుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో, హైటెక్ సిటీ జీతం చేతిలో పడ్డ సంబరంలో కొన్నది. డబ్బాలో దాంతోపాటే వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఇంకా దానికే బిగించి ఉంటుంది. అరకు, హంపి, గోవా ట్రిప్పులు అయ్యాయి, ఫోన్ కెమెరాలు బాగుపడ్డాయి, బ్యాగు పైకెక్కింది. మళ్లీ అది కిందికి దిగేది ఇంట్లోకి పసిబిడ్డ వచ్చినప్పుడే. బారసాల సాయంత్రం ట్యూబ్‌లైటు వెలుగులో నాలుగు ఫొటోలు తీస్తే రెండు కదిలిపోతాయి, రెండు ఇసుక చల్లినట్టు వస్తాయి. ఫ్లాష్ వేద్దామంటే బిడ్డ ఉలిక్కిపడుతుంది, అమ్మమ్మ కసురుతుంది. మర్నాడు ఆఫీసులో, ఫొటోలు బాగా తీస్తాడని పేరున్న సీనియర్ని అడుగుతారు. జవాబు ఎప్పుడూ ఒకటే: “ప్రైమ్ తీస్కో బ్రో. ఫిఫ్టీ తీస్కో.”

ప్రైమ్ అంటే జూమ్ లేని, ఒకే కొలతకు కట్టిన లెన్స్. అది తీసుకోమన్న సగం సలహాకు తిరుగులేదు. ఫిఫ్టీ అన్న రెండో సగం దగ్గరే నా పేచీ.

ఈ పేచీకి మూసాపేటను ఊరికే ఎంచుకోలేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అద్దెలు ఏటికేడూ పైకే పోయాయి. అంత పెట్టలేనివాళ్లు రైలు పట్టాలకు ఇవతల, బాలానగర్ కార్ఖానాలకూ సనత్‌నగర్ షెడ్లకూ నడుమ ఉన్న మూసాపేటలో దిగారు. 2017 నవంబరులో మెట్రో నడవడం మొదలై పేటకు సొంత స్టేషన్ వచ్చింది. 2022లో కైత్లాపూర్ దగ్గర రైల్వే లైను మీద వంతెన తెరవడంతో హైటెక్ సిటీకి దగ్గరి దారి దొరికింది. గిరాకీ పెరిగింది, జాగా మాత్రం పెరగలేదు. ఇరుకు సందుల్లో అయిదంతస్తులు లేచాయి. మన బాల్కనీలో నిలబడి పక్కింటి కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టొచ్చు. లెన్స్‌ల గురించి రాసేవాళ్లు ఈ ఇరుకు గురించి ఒక్క ముక్క రాయరు. వాళ్ల ఇళ్లు పెద్దవి కాబోలు.

ముందుగా వెలుతురు సంగతి చూద్దాం. కిట్ లెన్స్‌ని 50 దాకా తిప్పితే దాని రంధ్రం ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. ప్రైమ్ లెన్స్ ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. వెలుతురు రంధ్రం వైశాల్యాన్ని బట్టి వస్తుంది కనుక 5.6కూ 1.8కీ తేడా మూడు రెట్లు కాదు, తొమ్మిదిన్నర రెట్ల పైమాటే. కిట్ లెన్స్ ఐఎస్ఓ 6400 అడిగే చోట ప్రైమ్ 640, 800తో సరిపెట్టుకుంటుంది. ఫ్లాష్ లేకుండా బిడ్డ నవ్వు శుభ్రంగా దొరకడానికి ఆ తేడా చాలు. అయితే 35 మీద ఎఫ్ 1.8 అని ఉన్నా, 50 మీద ఎఫ్ 1.8 అని ఉన్నా ఈ లాభం సమానం. కాబట్టి వెలుతురు ఈ తగువు తీర్చదు.

లైకా నాటి మాట

మరి అందరి నోటా ఫిఫ్టీయే ఎందుకు నానుతోంది? దాని మూలం జర్మనీలో ఉంది. ఆస్కార్ బార్నాక్ తయారుచేసిన లైకా కెమెరా 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో జనంలోకి వచ్చింది. సినిమా రీలును అడ్డంగా నడిపి, 24×36 మిల్లీమీటర్ల బొమ్మ పడేట్టు చేసి, దానికి 50 ఎంఎం లెన్స్ బిగించారు. ఆ బొమ్మను మూల నుంచి మూలకు కొలిస్తే 43 మిల్లీమీటర్ల పైచిలుకు. లెన్స్ కొలత దీనికి దగ్గరగా ఉంటే దృశ్యాన్ని దగ్గరికి లాగినట్టూ ఉండదు, దూరం నెట్టినట్టూ ఉండదు. 1948లో గాంధీజీ చివరి రోజులనూ అంతిమయాత్రనూ ఫొటోలు తీసిన ఫ్రెంచివాడు ఆన్రీ కార్తియే-బ్రెసాన్ తన జీవితంలో ఎక్కువ భాగం 50నే నమ్ముకున్నాడు. అంతటివాడు వాడిన లెన్స్ కనుక ఫిఫ్టీకి ఒక పూజ్యత వచ్చేసింది.

చవక కావడం ఇంకో కారణం. అద్దం ఉన్న ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఆ అద్దం లేచి పడటానికి లెన్స్ వెనక చోటు వదలాలి. లెన్స్ బిగించే అంచు నుంచి ఫిల్ము దాకా ఆ దూరం నికాన్‌లో 46.5 మిల్లీమీటర్లు, కెనాన్‌లో 44. 50 ఎంఎం లెన్స్‌కి దీంతో ఇబ్బంది లేదు. 1896లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ గీసిన ప్లానార్ వంశపు కూర్పుతో, ఆరు గాజు బిళ్లలతో పనైపోతుంది. 35 కొలత ఆ అద్దం జాగా కంటే చిన్నది. కిరణాలు ఫిల్ము దాకా చేరి కుదురుకోవాలంటే ముందువైపు అదనపు గాజు పెట్టి వాటిని వెనక్కి జరపాలి. గాజు పెరిగితే బరువూ ధరా పెరుగుతాయి. 2015లో వచ్చిన కెనాన్ 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎంలో ఆరు బిళ్లలు, బరువు 160 గ్రాములు. 2009లో వచ్చిన నికాన్ డీఎక్స్ 35 ఎఫ్ 1.8లో ఎనిమిది బిళ్లలు, 200 గ్రాములు.

కథ మలుపు తిరిగింది ఇక్కడే, సలహా మాత్రం తిరగలేదు. 2003లో కెనాన్ 300డీ, మరుసటేడు నికాన్ డీ70 వచ్చాక డిజిటల్ ఎస్ఎల్ఆర్ ధరలు దిగడం మొదలైంది. ఆ ధరకు సెన్సర్ చిన్నది కావడమూ ఒక కారణం. పాత ఫిల్ము కొలతతో పోలిస్తే నికాన్, సోనీల్లో ఒకటిన్నర రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు చిన్నది. క్రాప్ సెన్సర్ అనేది దీన్నే. దాని ముందు 50 పెడితే ఫిల్ము లెక్కలో 75 ఎంఎంలా, కెనాన్‌లో అయితే 80లా చూస్తుంది. 35 పెడితే 52 లేదా 56 అవుతుంది. అంటే బ్రెసాన్ చూసిన చూపు మీ డీ5600లోనో 1500డీలోనో కావాలంటే కొనాల్సింది 35! నికాన్ పనిగట్టుకుని డీఎక్స్ 35 చేసింది ఈ లోటు పూడ్చడానికే. కానీ ‘మొదటి ప్రైమ్ ఫిఫ్టీ’ అన్న మాట తాతల నాటి ఆస్తిలా చేతులు మారుతూ, కింద ఫ్రేము మారిందన్న సంగతి తెలియకుండానే మూసాపేట దాకా వచ్చేసింది.

మీది ఫుల్‌ఫ్రేమ్ బాడీ అయితే ఈ గుణకారాలు వద్దు, అక్కడ 50 అంటే 50యే. బీరువా పైఅరల్లో మాత్రం ఫుల్‌ఫ్రేమ్ అరుదు.

టేపు పట్టుకుని హాల్లోకి

ఇప్పుడు కొలత టేపు తీసుకుని హాల్లోకి రండి. సోఫా, టీవీ యూనిట్, చెప్పుల స్టాండు పోగా, గోడకు వీపు ఆనించి నిలబడితే ఎదుటి ఊయలకు పదడుగుల దూరం మిగిలిందనుకుందాం. మూసాపేటలో అంత మిగిలితే అదృష్టమే. నికాన్ లేదా సోనీ క్రాప్ బాడీ మీద 35 ఎంఎంకి అక్కడ కనిపించే వెడల్పు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. 50కి నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. కెనాన్‌లో ఇంకాస్త తక్కువ. మధ్యలో ఊయల, ఒక పక్క తల్లి, ఇంకో పక్క అమ్మమ్మ, నానమ్మ. నాలుగడుగుల ఎనిమిది అంగుళాల్లో ఇంతమంది పట్టరు. ఎవరినో ఒకరిని కత్తిరించాలి. అమ్మమ్మనా, నానమ్మనా? ఆ ప్రశ్నకు జపాన్ కంపెనీల దగ్గర జవాబు లేదు.

మామూలు ఫోన్ కెమెరా అదే చోట నుంచి పదమూడు అడుగుల పైన చూస్తుంది. ఫోన్ చూపుకు అలవాటైన కంటికి 50 తొలిసారి బిగించగానే “ఇదేంటి, జూమ్‌లోనే ఇరుక్కుపోయింది” అనిపించేది అందుకే. లెన్స్ చెడిపోయిందేమోనని అంగడికి తిరిగి తెచ్చేవాళ్లూ ఉంటారు.

కెమెరాను నిలువుగా తిప్పితే లెక్క ఇంకా కఠినం. అయిదున్నర అడుగుల మనిషిని, తల పైన, పాదాల కింద కాస్త ఖాళీ వదిలి నిలువెత్తునా పట్టాలంటే 35కి తొమ్మిదడుగుల దూరం చాలు. 50కి పదమూడు కావాలి. హాఫ్‌శారీ కట్టుకున్న మేనకోడల్ని తలుపు దగ్గర నిలబెట్టి, పదమూడు అడుగుల కోసం మేనమామ బాల్కనీ తలుపు తీసి, దండెం మీది తడి బట్టల కింద వంగి, గ్రిల్‌కి వీపు ఆనించాలి. ఆపైన వెనక్కి ఇంకో అడుగు లేదు. ప్రైమ్ లెన్స్ భక్తులు “కాళ్లతోనే జూమ్ చెయ్యండి” అంటుంటారు. ముందుకైతే సరే. వెనక్కి?

మొదటి ప్రైమ్ కొనేవాళ్లు బ్రాండ్లు, పదును, రివ్యూలు అన్నీ చూస్తారు. తాము ఎక్కువగా ఎక్కడ ఫొటోలు తీస్తారో, అక్కడ తమ వెనక ఎన్ని అడుగులుంటాయో చూసుకునేవాళ్లు తక్కువ. రెండు లెన్స్‌ల మధ్య ఎంపికను సగానికి పైగా తేల్చేది ఆ వెనక గోడే.

ఇరుకు లేనివాళ్లకు ఈ తగువే లేదు. జూమ్‌లు రాకముందు ఫొటోగ్రాఫర్లందరూ ఫిక్స్‌డ్ లెన్స్‌లతోనే బతికారు. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ ముఖాల కోసమే ఒక లెన్స్ లెక్కగట్టిన తర్వాత ముఖాలకొకటి, కట్టడాలకొకటి అన్న పద్ధతి స్థిరపడింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో రెండు పనులూ చేసింది: ఒకవైపు మహళ్లు, విందు గదులు, ఇంకోవైపు నవాబుల ముఖాలు. ఆయన తీసిన దర్బారు హాళ్ల పటాలు చూడండి. స్తంభాల వరసలు, షాండ్లియర్లు, బల్ల చివరిదాకా కుర్చీలు. దీన్‌దయాళ్‌కు వెనక్కి జరగడానికి చోటు కరవు కాలేదు.

ఫిఫ్టీకి న్యాయం

50 పక్షాన చెప్పాల్సింది బోలెడుంది. జనం దాని వెంట పడేది బ్లర్ కోసం. 50ని 1.8తో భాగిస్తే దాదాపు 28, అది మిల్లీమీటర్లలో రంధ్రం వ్యాసం. 35కి 19 పైచిలుకు. ముఖం రెండింటిలో ఒకే సైజులో వచ్చేట్టు తీశారనుకోండి, అంటే 35తో ఇంకాస్త దగ్గరికెళ్లి. అప్పుడు ముఖంలో పదునుగా ఉండే లోతు రెండింటికీ దాదాపు సమానం. కానీ దూరాన మెట్రో స్తంభాల మధ్య వచ్చే హెడ్‌లైట్లు 50లో సుమారు ఒకటిన్నర రెట్లు పెద్ద గుండ్రాలుగా కరుగుతాయి. మూసాపేట వై జంక్షన్ దగ్గర సాయంత్రం ఏడింటికి, వెనక ట్రాఫిక్ పెట్టుకుని స్నేహితుడి ఫొటో తీయాలంటే 50 ముందు 35 తేలిపోతుంది. అందులో అనుమానం లేదు.

ముఖాల విషయంలో ఇంకో మెలిక ఉంది. తల, భుజాల వరకే తీయాలంటే 35 మిమ్మల్ని మూడడుగుల దగ్గరికి లాక్కెళ్తుంది. అంత దగ్గర నుంచి ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి తగ్గుతాయి. తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. 50 నాలుగడుగుల అవతలే నిలబెడుతుంది, ముఖం కుదురుగా కనిపిస్తుంది. సహోద్యోగుల ప్రొఫైల్ ఫొటోలు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ చెట్ల కింద ప్రీ-వెడ్డింగ్ షూట్లు అంటూ శని, ఆదివారాల్లో నాలుగు డబ్బులు చూసుకునే ఐటీవాళ్లకు 50యే మొదటి లెన్స్. అక్కడ వెనక గోడ ఉండదు.

బ్లర్ మోజుకు మాత్రం ఒక హద్దు పెట్టుకోవాలి. రెండు మీటర్ల దూరంలో, ఎఫ్ 1.8 దగ్గర, 35లో పదునుగా వచ్చే లోతు జానెడు. 50లో అర జానెడు. మీటరు దగ్గరికి వస్తే 50లో అది మూడు సెంటీమీటర్లకు పడిపోతుంది. బిడ్డ తల కాస్త పక్కకు తిప్పితే ఒక కన్ను తేటగా, ఇంకో కన్ను మసకగా వస్తుంది. పాకే పిల్లల వెంట పడేవాళ్లు కొన్నాళ్లకు తమంతట తామే 2.8 దగ్గరికి దిగుతారు.

గుంపులోనూ వెనక గోడ ఉంటుంది, అది మనుషుల గోడ. వినాయక నిమజ్జనానికి ఐడీఎల్ చెరువు గట్టు మీద నిలబడితే ముందు క్రేన్, వెనక జనం. విగ్రహం గాల్లోకి లేచే క్షణంలో ఎవరూ మీకోసం వెనక్కి జరగరు. విగ్రహాన్నీ, కింద చేతులెత్తిన పిల్లల్నీ ఒక్క ఫ్రేములో పట్టేది 35. బతుకమ్మ ఆటలో రెండింటికీ పనుంటుంది: వలయం బయట నుంచి ఒక్కో ముఖం కోసం 50, వలయం లోపల కూర్చుని పూల పళ్లేనికి దగ్గరగా 35.

రాత్రి ఆటకు ఇంకో చిక్కుంది. చవక ఎల్ఈడీ దీపాల కింద ఫొటోలో అడ్డంగా చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కనుక ఆ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్‌ను 1/100కో 1/50కో పెడితే చారలు సర్దుకుంటాయి. చేతి వణుకు కనిపించకూడదంటే క్రాప్ బాడీ మీద 35కి 1/50 దాదాపు చాలు. 50కి అంతకంటే వేగం కావాలి కనుక 1/100కి వెళ్లక తప్పదు, వెలుతురు సగమైపోతుంది. 1/50 దగ్గర చప్పట్లు కొట్టే చేతులు కాస్త చెదురుతాయి. బతుకమ్మకు అది అందమే.

ఇక ఆదివారం ఎర్రగడ్డ సంత. పాత ఫ్యాన్లు, తాళాలు, ఏ ఇంటి గోడ దిగి వచ్చాయో తెలియని గడియారాలు, వాటి మధ్య బేరాలు. 50తో రోడ్డు అవతల నుంచే ముఖాలు దొరుకుతాయి, అమ్మేవాళ్లకు తెలియను కూడా తెలియదు. 35తో అది కుదరదు, దగ్గరికెళ్లి మాట కలపాలి, ఒక్కోసారి ఒక తాళం కొనాలి. నా ఓటు 35కే. చాటు నుంచి తీసిన ముఖానికీ, నాలుగు మాటలు మాట్లాడాక తీసిన ముఖానికీ తేడా ఫొటోలో తెలిసిపోతుంది.

నా తీర్పు చెప్పేస్తాను. క్రాప్ బాడీ, అద్దె ఇల్లు, తీసేది ఎక్కువగా ఇంట్లోవాళ్లను, కొనగలిగేది ఒక్కటే అయితే 35. ఆరుబయట ముఖాలే మీ లోకమైతే 50. నమ్మకం కుదరకపోతే రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది: కిట్ లెన్స్ రింగును 35 అంకె దగ్గర ఆపి సెల్లోటేపు అంటించి ఒక వారం తీయండి, తర్వాతి వారం 50 దగ్గర. ఎన్నిసార్లు టేపు పీకాలనిపించిందో చూసుకుంటే చాలు.

కొనేటప్పుడు బాడీ పేరు చెప్పకుండా లెన్స్ అడగొద్దు. కోఠి వైపు పాత లెన్స్‌లు అమ్మే దుకాణంలో మాట ఇలా నడుస్తుంది:

“అన్నా, నికాన్ ఫిఫ్టీ ఉందా?”

“బాడీ ఏంది తమ్మీ?”

“డీ5600.”

“గట్లయితే మోటర్ ఉన్నదే తీస్కో. గీ పాతది సస్తానే గని, ఫోకస్ చేత్తోని తిప్పుకోవాలె.”

నిజాయితీగల అన్న దొరికితే ఇంత మాట చెబుతాడు. నికాన్ పాత 50 ఎఫ్ 1.8డీ లోపల ఫోకస్ మోటారు ఉండదు, బాడీలోని మోటారే దాన్ని తిప్పాలి. డీ3000, డీ5000 వరస బాడీల్లో ఆ మోటారు లేదు. పేరు ముందు ఏఎఫ్-ఎస్ అని ఉన్నది, అంటే 2011లో వచ్చిన 1.8జీ అయితే ఇబ్బంది లేదు. అదీ 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు. డీఎక్స్ 35 అయితే 30 దాకా వెళ్తుంది, పసిబిడ్డ పిడికిలి తీసేటప్పుడు ఆ పదిహేను సెంటీమీటర్ల తేడా తెలుస్తుంది. కెనాన్ కొత్త ఆర్-సిరీస్ మిర్రర్‌లెస్ బాడీకి పాత ఈఎఫ్ లెన్స్ నేరుగా ఎక్కదు, అడాప్టర్ కొనాలి. ఆ ఖర్చు కలిపి చూస్తే కొత్త ఆర్ఎఫ్ 50 మేలనిపించొచ్చు. అద్దం తీసేశాక లెన్స్ వెనక జాగా 20 మిల్లీమీటర్లకు తగ్గింది కదా, 35 కూడా చవకవుతుందని ఆశపడతాం. కెనాన్ ఆర్ఎఫ్ 35కి స్టెబిలైజేషన్, మాక్రో తగిలించి 305 గ్రాములు చేసింది. కంపెనీల లెక్కలు వాటికుంటాయి.

సెకండ్‌హ్యాండ్ అయితే రెండువైపులా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. లోపల సన్నటి తెల్లని దారాల్లాంటివి అల్లుకుని కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే పట్టించుకోవద్దు. రంధ్రం బ్లేడ్ల మీద నూనె తడి ఉందేమో, ఎఫ్ 16 పెట్టి నొక్కితే అవి చటుక్కున మూసుకుంటున్నాయో లేదో చూడండి. మీ బాడీకే బిగించి, ఎఫ్ 1.8 దగ్గర, అంగడి గోడ మీది క్యాలెండర్ అంకెలు తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. హైదరాబాద్ వానాకాలపు తేమలో తోలు బ్యాగు కంటే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా మేలు, అందులో నాలుగు సిలికా జెల్ సంచులు వేయండి. గింజల రంగు మారాక వేడి చేస్తే అవే మళ్లీ పనికొస్తాయి.